పోరంకి కుక్కల బోర్డింగ్: 'పర్లేదులే' అనని ఇల్లు

ముందే చెప్పేస్తున్నా, ఊరెళ్లేటప్పుడు కుక్కని వదిలివెళ్లే ఈ బోర్డింగ్ పేరు రాయడం లేదు. దాన్ని నడిపే ఆవిడే వద్దన్నారు. "ఆరు కుక్కలకు మించి మా ఇంట్లో చోటు లేదండీ, ఇప్పటికే ఫోన్లు ఎత్తలేకపోతున్నాం" అన్నారు. విజయవాడ పక్కన పోరంకిలో బందరు రోడ్డు దిగి లోపలికి వెళ్తే మామిడిచెట్టున్న పాత డాబా. బోర్డు కూడా ఉండదు. నాకు మా కుక్కల డాక్టరు చెప్పారు. కావాలంటే మీరూ మీ డాక్టరునే అడగండి.

మొన్న సంక్రాంతికి మా జున్నుని అక్కడ నాలుగు రాత్రులు ఉంచాం. జున్నంటే లాబ్రడార్, నాలుగేళ్లు, ముప్ఫై కిలోలు. మావాడు ఇంజినీరింగ్ మూడో ఏడులో ఉండగా చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు, "అన్నీ నేనే చూసుకుంటానమ్మా" అని. తర్వాత ఉద్యోగమొచ్చి బెంగళూరు పోయాడు. ఇప్పుడు వాడు వీడియో కాల్‌లో ముద్దులు పెడతాడు. నేను పొద్దున ఐదింటికి పటమట వీధుల్లో క్యారీబ్యాగు పట్టుకుని తిరుగుతాను.

బోర్డింగ్ సంగతి చెప్పాలంటే నిరుటి సంక్రాంతి చెప్పాలి. అది చెప్పకపోతే రోజుకి ఏడువందల యాభై పోసి కుక్కని ఎక్కడో ఎందుకు వదిలామో మీకు అర్థం కాదు.

నిరుడు జున్నుని గుంటూరు తీసుకెళ్లాం. బ్రాడీపేటలో మా పెద్దాడపడుచు ఇల్లు. పండక్కి రమ్మని ఆవిడ ఫోన్ చేస్తే "జున్నుని కూడా తెచ్చేస్తాం వదినా, వాడికిక్కడ ఎవరున్నారు" అన్నాను. అది అడగడం కాదు, చెప్పడం. అవతల ఒక్క క్షణం ఆగి, "పర్లేదులే, తీసుకురండి" అన్నారు. పాతికేళ్లుగా ఆ ఇంటితో మెలుగుతున్నదాన్ని, పర్లేదుకీ పర్లేదులేకీ తేడా తెలియక కాదు. ఆ 'లే'లో సగం వద్దు ఉంటుంది. తెలిసే వినిపించుకోలేదు.

కాజ టోల్‌గేటు దగ్గర కారులో కక్కాడు. సరే, తుడుచుకున్నాం. బ్రాడీపేట చేరేసరికి వాకిలి నిండా రథం ముగ్గు, నడుమ గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు, బంతిపూలు. కారు తలుపు తీశానో లేదో, గొలుసు నా చేతిలోంచి లాక్కుని ముగ్గు మీద నుంచే పరిగెత్తి, నడిమి గొబ్బెమ్మని పువ్వుతో సహా తినేశాడు. కుక్కలకి పేడంటే ప్రాణమని పెంచేవాళ్లకి తెలుసు. పెంచనివాళ్లు పండగపూట ఆ దృశ్యం చూస్తే ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. తెల్లవారుజామున మూడింటికి లేచి వేసిన ముగ్గట అది. వదిన కోడలు నవ్వింది పాపం. "పర్లేదులే అత్తయ్యా" అంది.

మధ్యాహ్నం అన్నయ్యగారు ముచ్చటపడి వాడికో ఆకులో పరమాన్నం పెట్టారు. కిస్‌మిస్ దండిగా వేసిన పరమాన్నం. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆకు లాగేశాను. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయి, ఒక్కోదానికి కొంచెం తిన్నా ప్రమాదమే. ఉల్లిపాయ రక్తంలోని కణాలని దెబ్బతీస్తుంది. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఇవన్నీ నాకు తెలుసు, అన్నయ్యగారికి తెలియదు. చెప్పాల్సింది నేను, అదీ గుమ్మం తొక్కకముందు. ఏమీ చెప్పకుండా, పెద్దాయన ప్రేమగా పెట్టిన ఆకు అందరి ముందూ లాక్కున్నాను. ఆయన ఆ సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదు.

అసలు విషయం ఇదీ కాదు. వదిన రెండు రోజులూ మేడ మీదే ఉన్నారు. మోకాళ్ల నొప్పులన్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి మేడ ఎక్కి కూర్చోవడమేమిటి అని నాకు తట్టలేదు చూడండి. భోజనం కోడలు పైకి పట్టుకెళ్లింది. వేసవిలో మాటల మధ్య మా ఆయన తీరిగ్గా చెప్పారు: చిన్నప్పుడు బడికి వెళ్తుంటే అక్కని కుక్క కరిచింది, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించారు, రోజూ నాన్న సైకిలు మీద తీసుకెళ్లేవాడు, దారి పొడుగునా ఏడ్చేది అని. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత మందుని మన దేశంలో 2004లో ఆపేశారు. ఇప్పుడు జబ్బకి వేసే నాలుగైదు సూదులతో పోతుంది. కానీ వదిన పొట్టకి ఆ సంగతి తెలియదు కదా. "మరి పండక్కి ముందే చెప్పలేదేం?" అంటే, "గుర్తు రాలేదు" అన్నారు. అక్క పడ్డ బాధ తమ్ముడికి గుర్తు రావడానికి మూడు నెలలు పట్టింది.

ఇంకో మాట. కుక్కల విషయంలో నేను హక్కులు బాగా తెలిసినదాన్ని. అపార్టుమెంటు సంఘం కుక్కని పెంచొద్దనకూడదని, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం ప్రింటు తీసి మా సెక్రటరీగారి చేతిలో పెట్టింది నేనే. అందులో ఆడపడుచు ఇంటి గురించి ఒక్క ముక్క కూడా లేదు.

ఇక బోర్డింగ్.

ఫోన్ చేయగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకే నాకు నమ్మకం కుదిరింది. "మీవాడు కరుస్తాడా?" అని అడగలేదు. "ఎప్పుడు కరుస్తాడు?" అని అడిగారు. "అబ్బే, మావాడు అస్సలు..." అని మొదలుపెట్టాను. "తింటుండగా గిన్నెలో చెయ్యి పెడితే? నిద్రలో ఎవరన్నా తొక్కితే? టపాకాయ పేలితే?" అన్నారు. గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటాడని ఒప్పుకున్నాను. "అదండీ నాకు కావాల్సింది. వాడికి విడిగా పెడతాను" అన్నారు. నిరుడు గుంటూరులో మూడేళ్ల మనవరాలు వాడి గిన్నె దగ్గర ఆడుకుంటుంటే మేమంతా ఫొటోలు తీశాం. ఫోన్ పెట్టేశాక అది గుర్తొచ్చి కాళ్లు వణికాయి.

తర్వాత టీకాల కార్డు ఫొటో పంపమన్నారు. రేబిస్ టీకా ఏడాది లోపల వేసి ఉండాలి, కొన్ని జబ్బులకి కలిపి ఒకే సూదిగా వేసే సెవెన్ ఇన్ వన్ టీకా ఉండాలి, నట్టల మందు మూడు నెలల లోపల పట్టి ఉండాలి. మాది అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రేబిస్ టీకాకి డబ్బుల్లేక ఆగేవాళ్లెవరైనా ఉంటే, జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినం) రోజు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా ఇచ్చిన రోజది. ఈ సంగతి కూడా ఆవిడే చెప్పారు. ఒకప్పుడు బళ్లో సైన్సు చెప్పేవారట, మాట్లాడుతుంటే తెలిసిపోతుంది.

నేరుగా నాలుగు రోజులకి తీసుకోరు. ముందు ఒక పూట వదిలి చూడాలి, దానికి మూడొందలు. ఆ పూట కోసం తీసుకెళ్తే ముందు గేటు తీయలేదు. పక్క సందులో ఇంకో చిన్న గేటుంది, అక్కడ కుళాయి, తెల్ల దుప్పటి. దుప్పటి మీద నిలబెట్టి చెవుల లోపల, తోక కింద, వేళ్ల సందుల్లో వేలితో తడిమి చూశారు. ముందరి కాలి వేళ్ల మధ్య రెండు పిడుదులు దొరికాయి. నేను వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తాను, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రెండే కదండీ..." అన్నాను. ఈ మాటకి మన వాళ్లెవరైనా ఏమంటారో మీకు తెలుసు. ఆవిడ అనలేదు. "ఈరోజు తీసుకోనండీ. డాక్టరుగారిని అడిగి మాత్ర వేయించి, మూడు రోజులాగి తీసుకురండి. ఒక కుక్క నుంచి ఆరింటికి ఎక్కితే, టిక్ ఫీవర్ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, మీరు బాగానే ఉంటారు, నేను అందరికీ జవాబు చెప్పుకోవాలి" అన్నారు. కోపం రాలేదని చెప్పను. పోరంకి నుంచి పటమట దాకా కారులో మా ఆయనతో ఆవిణ్ణి తిడుతూనే వచ్చాను. అక్కడి సిగ్నల్ దగ్గర మా ఆయన "నిరుడు అక్కావాళ్ల మంచం మీద పడుకున్నాడు కదా వీడు" అన్నారు. ఇంటికెళ్లేదాకా ఇంక నేను నోరెత్తలేదు.

మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి తీసుకున్నారు. తీసుకెళ్లాల్సినవి: వాడి గిన్నె, వాడి పాత దుప్పటి (ఉతక్కుండా, ఇంటి వాసన ఉండాలట), పూట పూటకీ కొలిచి కట్టిన తిండి పొట్లాలు. తిండి ఒక్కసారిగా మారిస్తే విరోచనాలు పట్టుకుంటాయి, అందుకే వాళ్లది పెట్టరు. రాబోయే ముందు వీధిలో తిప్పి ఖాళీ చేయించి తీసుకురావాలి. కొత్త చోటుకి వెళ్లగానే కుక్క చేసే మొదటి పని ఏదో మూలకి కాలెత్తడం. ఒకసారి అక్కడ వాసన నిలిచిందంటే మళ్లీ అక్కడికే పోతుంది. ఫినాయిలు వాడరు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయని.

ఇల్లు చూపించారు. వెనకాల పెద్ద వరండా, జాలీ, ఆరు గూళ్లలాంటి గదులు, ఫ్యాన్లు. ఏసీ లేదు, వేసవిలో కూలర్లు పెడతారట. విజయవాడ మే నెలలో కూలరు ఏ మూలకి సరిపోతుందో నాకు అనుమానమే, అప్పుడైతే వదలనేమో. వరండాకీ ఇంటికీ మధ్య నడుము ఎత్తు చెక్క తలుపు. అవతల దేవుడి గది, వంటిల్లు, ఎనభై దాటిన వాళ్ల అత్తగారి గది. ఏ కుక్కా ఆ తలుపు దాటదు. "మా అత్తగారికి కుక్కలంటే ఇష్టం లేదండీ. ఆవిడిల్లు ఇది, ముందు ఆవిడ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం" అన్నారు. ఆ పెద్దావిడ కిటికీలోంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నారు. నేను దణ్ణం పెడితే తల ఊపారు. కుక్కని మాత్రం చూడలేదు.

బాగోలేనివీ చెప్పాలి. ఫొటోలు రోజుకి రెండే, ఎనిమిది దాటితే ఫోన్ ఎత్తరు. మొదటి రాత్రి నేను తొమ్మిదింపావుకి చేసిన కాల్‌కి మర్నాడు ఆరింటికి జవాబొచ్చింది. ఆ మధ్యలో నిద్ర నాకుంటే కదా. తిరిగి తీసుకెళ్లడానికి పదకొండు లోపల రావాలి, పదకొండు దాటితే సగం రోజు డబ్బులు. మేము గుంటూరు నుంచి వస్తూ మంగళగిరి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని పదకొండున్నరకి చేరాం, మూడువందల డెబ్బై ఐదు వసూలు చేశారు. పండగ రద్దీ అని కూడా వినలేదు. సందులో రోడ్డు గుంతలు, వానాకాలం కారు వెళ్లడం కష్టం. దుప్పటి మారిపోయింది, ఎవరిదో నీలం గళ్ల దుప్పటి మాకొచ్చింది. జున్నుకి గొంతు బొంగురుపోయింది. ఇది నేను కనిపెట్టేలోపే ఆవిడే చెప్పారు: "మొదటి రాత్రి ఒంటిగంట దాకా మొరిగాడండీ. పక్కింటివాళ్లు లేచి వచ్చారు. రెండో రాత్రి నుంచి పడుకున్నాడు. ఒక పూట తినలేదు, పొట్లం ఇదిగో." ఒక పొట్లం విప్పకుండా తిరిగిచ్చారు. నిజానికి వాడు చాలా హాయిగా ఉన్నాడని చెప్తే నేను నమ్మేదాన్ని, సంతోషించేదాన్ని కూడా.

గుంటూరు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వదిన కిందే ఉన్నారు. భోగి మంట దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మోకాళ్ల నొప్పుల మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. రెండో రోజు పక్కన కూర్చుని నిరుటి సంగతి ఎత్తితే "ఛ, ఊరుకో, కుక్కంటే నాకేం భయం" అన్నారు. అని, కాసేపాగి, "కరిచినప్పుడు మా అమ్మ సబ్బేసి కుళాయి కింద కడుగుతూనే ఉంది, ఎంతసేపో" అన్నారు. డాక్టర్లు ఇప్పటికీ చెప్పేది అదే, పదిహేను నిమిషాలు కడగాలని. వదినతో ఆ మాట అనలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మొత్తం మీద నా మార్కులు అయిదుకి నాలుగు. ఒకటి తగ్గించింది దుప్పటి కోసం, అది మావాడు హాస్టల్లో వాడిన దుప్పటి.

ఉగాదికి మళ్లీ గుంటూరు వెళ్లాలి, అందుకని నిన్న ఫోన్ చేశాను. "ఆ వారం కుదరదండీ, మా మామగారి ఆబ్దికం ఉంది. ఇల్లంతా చుట్టాలు, ఎవరినీ తీసుకోవడం లేదు" అన్నారు. ఒక్కడే కదా, మీకు అలవాటైనవాడే కదా అన్నాను. "కుదరదండీ" అన్నారు మళ్లీ, అదే గొంతుతో. సరేనన్నాను. ఈసారి మా ఆయన ఒక్కరే వెళ్తారు.