కొత్త మిషన్ అని అమ్మారు, గార్డు మూసుకోదు: సర్క్యులర్ సా కొనేవాళ్లు జాగ్రత్త

మేం కొన్న రాణిగంజ్‌లోనే కాదు, ఎక్కడైనా సరే, 7 అంగుళాల చేతి సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే మిషన్) కొనబోతున్నవాళ్లు పైసలు ఇచ్చే ముందు ఈ ఒక్క పని చేయండి. ప్లగ్గు పెట్టకుండానే కింది గార్డును, అంటే బ్లేడును కప్పే కదిలే మూతను, లివర్‌తో పూర్తిగా వెనక్కి లాగి వదలండి. టప్‌మని మూసుకోవాలి. మెల్లగా జారుతూ వచ్చినా, సగంలో ఆగినా, వేలితో నెట్టాల్సి వచ్చినా ఆ మిషన్ అక్కడే వదిలేసి వచ్చేయండి.

మాకు అమ్మినాయన ఈ పని మా చేతికి రానివ్వలేదు. పెట్టె ఆయనే విప్పి, మిషన్ ఆయనే పట్టుకుని, బొటనవేలితో గార్డు లివర్ లాగి పెట్టి గాల్లో తిప్పి చూపించాడు. గుయ్‌మని తిరిగింది. వెంటనే ప్లగ్గు పీకి పెట్టెలో సర్దేశాడు. ఆ బొటనవేలు ఎందుకు అక్కడుందో బోడుప్పల్‌లో ఇంటికొచ్చాక తెలిసింది.

అటక తలుపుల కోసం 18 ఎంఎం ప్లైవుడ్ కోయాలి. కోసేది మా బావమరిది, కార్పెంటర్ పనే వాడి బతుకుతెరువు. మొదటి కోత నీట్‌గా వచ్చింది. ట్రిగ్గర్ వదిలి మిషన్‌ను పక్కన ఫ్లోరింగ్ మీద పెట్టాడు. గార్డు ఉన్న మిషన్‌ను ఎవరైనా అలాగే పెడతారు, చెక్క దాటగానే అది బ్లేడును కప్పేస్తుందన్న నమ్మకం. ఇది కప్పలేదు. సగంలో ఇరుక్కుంది. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. పళ్లు టైల్‌కు తగలడంతోనే మిషన్ వాడి కాలి మీదికి ఉరికింది. వాడు కాలు లాక్కున్నాడు గానీ చెప్పు అంచును బ్లేడు తాకింది. టైల్ మీద జానెడు గీత పడింది. "బావా, నీ మిషన్ పాడుగాను, ప్లగ్గు పీకు ముందు!" అని అరిచాడు.

మిషన్ ముందుకు పోకుండా వెనక్కి, మనిషి మీదికే ఎందుకు వచ్చిందని అడిగారు ఈ సంగతి విన్న కొందరు. ఈ మిషన్లలో బ్లేడు ముందు వైపు పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి. అంటే అడుగున ఉన్న పళ్లు ముందుకు పోతుంటాయి. అవి నేలకు తగిలినా, కోత సందులో ఇరుక్కున్నా మిషన్‌కు పోవడానికి ఉన్న దారి వెనక్కే, అంటే పట్టుకున్న మనిషి వైపే. అందుకే కోసేటప్పుడు బ్లేడు లైన్‌కు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు నిలబడమంటారు. ఇంకో సంగతి కూడా ఇందులోనే ఉంది: పళ్లు పైకి కోస్తాయి కాబట్టి పెచ్చు పై ముఖం మీదే లేస్తుంది, సన్‌మైకా అంటించిన వైపు కిందికి పెట్టుకోవాలి.

సరే, బ్లేడు తీసి లోపల చూశాం. పై గార్డు మూలల్లో పాత పొట్టు గట్టిగా పట్టి ఉంది, గోరుతో గీకితే గానీ రాలేదు. మేం కోసింది ఒక్క షీటు, అంత పొట్టు దాంతో రాదు. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల మూతల మీది గాడులు స్క్రూడ్రైవర్ జారి అరిగిపోయి ఉన్నాయి. పెట్టె మీద సీరియల్ నంబర్ ఒకటి, మిషన్ ప్లేటు మీద ఇంకొకటి. అంటే ఎవరో వాడి తిరిగిచ్చిన మిషన్‌ను తుడిచి, వేరే పెట్టెలో పెట్టి, కొత్తదాని ధరకు కట్టబెట్టారు. గార్డు స్ప్రింగ్‌లో బిగువు లేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "కొత్త మిషన్ గదా భయ్యా, నాలుగు రోజులు వాడితే ఫ్రీ అయితది. అందాక గార్డుకు ఒక తీగ కట్టుకోండి, పనికి అడ్డం రాదు." ఈ తీగ కట్టే అలవాటు మన సైట్లలో ఎంత మామూలైందంటే, అమ్మేవాడే సలహాగా ఇస్తున్నాడు. గార్డును తీగతో కట్టినా, చెక్క ముక్క దోపి ఆపినా మీ చేతిలో ఉన్నది తిరుగుతున్న ఉత్త బ్లేడే. నాకు ఈ మాట దగ్గరే మండింది, మిషన్ దగ్గర కాదు.

గార్డును ఒక్కసారి చూసి ఆగొద్దు. బ్లేడు దిగే లోతు తక్కువ పెట్టి ఒకసారి, ఎక్కువ పెట్టి ఒకసారి, చెక్క మీద ఆనే బేస్ ప్లేటును 45 డిగ్రీలకు వంచి ఒకసారి లాగి వదలండి. కొన్ని మిషన్లు నిటారుగా బాగానే మూసుకుని, వంచగానే అంచుకు రాసుకుని ఆగిపోతాయి. లోతు లివర్ బిగించి బేస్‌ను చేత్తో గట్టిగా నొక్కండి, కదలకూడదు. మాది కదిలింది. అదిరినప్పుడు అది మెల్లగా జారితే మీరు పెట్టిన లోతు ఒకటి, కోసేది ఇంకొకటి. గుణియా (మూలమట్టం) వెంట తీసుకెళ్లి, వంపు సూచిక సున్నా మీద ఉన్నప్పుడు బ్లేడుకూ బేస్‌కూ మధ్య ఆనించి చూడండి. వెలుతురు కనిపిస్తే సర్దే స్క్రూతో సరవుతుందేమో చూపించమనండి. ప్లేటే వంగి ఉంటే మాత్రం ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు.

లోతు ఎంత పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. బ్లేడు మొత్తం దించేసి కోస్తారు. చెక్క మందం కన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు, అంటే 18 ఎంఎం ప్లైకి 24 దాటనక్కర్లేదు. ప్లగ్గు పీకి, మిషన్‌ను షీటు అంచుకు ఆనించి కంటితో చూస్తూ పెట్టుకోవచ్చు. ఇక 8 బై 4 షీటును రెండు చివర్లా రెండు స్టూళ్ల మీద పెట్టి నడిమికి కోస్తే, కోత పూర్తయ్యే కొద్దీ షీటు కుంగి సందు మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. మిషన్ తన్నేది అప్పుడే. కోత గీతకు రెండు పక్కలా కింద రీపర్లు (చెక్క పట్టీలు) పెట్టండి.

ఫ్రీగా ఇచ్చిన రెండో బ్లేడు సంగతి వేరే. మా మిషన్ షాఫ్ట్ 20 ఎంఎం, బ్లేడు రంధ్రం 30. మధ్యలో వేసే రింగు ఇవ్వలేదు. "వాషర్ బిగిస్తే అదే కూర్చుంటది" అన్నాడు. కూర్చోదు, నడుమ తప్పి ఊగుతూ తిరుగుతుంది. బ్లేడు కొనేటప్పుడు రంధ్రం సైజు, దాని మీద అచ్చేసిన గరిష్ఠ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) రెండూ చూడండి. ఆ ఆర్పీఎం మిషన్ ప్లేటు మీది అంకె కన్నా తక్కువ ఉండకూడదు.

మిషన్ వెనక్కి తీసుకుపోతే బిల్లు మీది ముద్ర చూపించారు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. కాసేపు గొడవయ్యాక మార్పిడికి ఒప్పుకున్నారు, దేనితో అంటే మార్బుల్ కట్టర్‌తో. "దీనికి చెక్క బ్లేడు వేసుకోండి, అందరూ ఇదే వాడుతున్నరు." అందరూ వాడుతున్న మాట నిజమే, అదే భయం. 4 అంగుళాల ఆ కట్టర్ 12 వేల ఆర్పీఎం పైన తిరుగుతుంది. మన 7 అంగుళాల సా 5 వేల చిల్లర. కట్టర్‌కు పైన కప్పు తప్ప కింద మూసుకునే గార్డే ఉండదు. పైగా చాలా కట్టర్లలో స్విచ్ నొక్కి లాక్ చేసే బొత్తాం ఉంటుంది, చెయ్యి జారినా తిరుగుతూనే ఉంటుంది. రాయి, టైల్ కోసుకోవడానికి చేసిన దానికి పళ్ల బ్లేడు బిగిస్తే చెక్కలో పట్టుకున్న క్షణాన ఏం జరుగుతుందో మా బావమరిది దగ్గర వినండి, వాడి తోటి పనివాళ్ల వేళ్ల లెక్క చెబుతాడు. వద్దన్నాం.

మేం జీఎస్టీ బిల్లు పట్టుబట్టి తీసుకోవడం ఇప్పుడు పనికొస్తోంది. కచ్చా చీటీ ఇస్తే ఒప్పుకోకండి, సీరియల్ నంబర్ కూడా బిల్లు మీద రాయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం, రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఆ ముద్ర చూసి వెనక్కి రావద్దు. బతుకుతెరువుకు స్వయంగా వాడుకునే మిషన్ కొన్నవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

1915లో మా ఫిర్యాదు నమోదైంది. దాని తర్వాత దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, స్ప్రింగ్ మార్చి ఇస్తామని. పూర్తి డబ్బు వాపసు తప్ప దేనికీ ఒప్పుకోమని చెప్పాం. మిషన్ బ్లేడు తీసేసి పెట్టెలోనే ఉంది, వైరుకు ప్లాస్టర్ చుట్టి "వాడొద్దు" అని రాసి పెట్టాం. ఈమధ్య ఎవరైనా ఇలాంటి మిషన్ కొని ఉంటే పెట్టె మీది నంబరూ మిషన్ మీది నంబరూ ఈరోజే సరిచూసుకోండి.