గూగుల్ సెర్చ్ కన్సోల్: లింకులకు డబ్బు కట్టే ముందు చూడవలసిన లెక్క

విశాఖపట్నంలో చిన్న వ్యాపారం చేసుకుంటూ సొంత వెబ్‌సైటు పెట్టుకున్న వారికి, సైటు మొదలైన కొద్ది వారాలకే ఒక ఫోను వస్తుంది. నెలకు ఇంత కడితే ఇన్ని వందల బ్యాక్‌లింకులు, అంటే ఇతర సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు, వేయిస్తామని, గూగుల్ మొదటి పేజీలో కనిపించేలా చేస్తామని అవతలివారు హామీ ఇస్తారు. ఆ ఫోనుకు జవాబు చెప్పే ముందే యజమాని చేతిలో ఉండవలసిన సాధనం గూగుల్ సెర్చ్ కన్సోల్ అని నా గట్టి అభిప్రాయం. గూగుల్‌లో వెతికినప్పుడు తమ సైటు ఎలా కనిపిస్తోందో యజమానులకు గూగుల్ చూపించే సాధనం ఇది, పూర్తిగా ఉచితం. ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే మా బంధువుల దుకాణం సైటునూ, అరకు యాత్రలు నడిపే ఒక మిత్రుడి సైటునూ చూసుకుంటూ కొన్నేళ్లుగా దీన్ని వాడుతున్నాను. దీనిలో ఉన్న అన్ని భాగాలనూ ఇక్కడ పరిచయం చేయబోవడం లేదు. లింకుల విషయంలో ఇది ఏం చెబుతుంది, ఏం చెప్పదు, చెప్పినదాన్ని ఎలా చదువుకోవాలి అన్నంత వరకే నా సమీక్ష.

లింకుకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో ముందు తెలియాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తుండగా లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, ఒక పేజీ మరొక పేజీకి ఇచ్చే లింకును సిఫారసుగా లెక్కిస్తారు. సిఫారసు చేసిన పేజీకి ఎంత విలువ ఉంటే ఆ సిఫారసుకు అంత బరువు ఉంటుంది. 1998లో మొదలైన గూగుల్ సంస్థకు పునాది ఇదే. సిఫారసుకు విలువ ఉందని తెలిశాక దాన్ని అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. దాన్ని అరికట్టడానికి 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన ఫలితాల వరుసను నిర్ణయించే పద్ధతిలో పెంగ్విన్ అన్న మార్పు తెచ్చింది. అప్పట్లో కృత్రిమమైన లింకులున్న సైట్లు ఫలితాల్లో అమాంతం కిందికి పడిపోయాయి. 2016 సెప్టెంబరులో పెంగ్విన్ గూగుల్ ప్రధాన అల్గారిథమ్‌లో కలిసిపోయాక పద్ధతి మారింది. అప్పటి నుంచి అలాంటి లింకుల కారణంగా సైటు మొత్తాన్ని దిగజార్చడం కంటే, ఆ లింకులనే లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం ఎక్కువైంది. 2022 డిసెంబరు నుంచి, కృత్రిమ మేధతో స్పామ్‌ను పట్టుకునే స్పామ్‌బ్రెయిన్ అన్న వ్యవస్థను కూడా ఈ పనికి వాడుతున్నారు.

యజమానికి ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. పూర్వం కొన్న లింకులు బెడిసికొడితే ఫోన్లు ఆగిపోయేవి, ఆర్డర్లు పడిపోయేవి, జరిగిన నష్టం కంటికి కనిపించేది. ఇప్పుడు చాలా సందర్భాల్లో ఏమీ జరగదు. మంచీ జరగదు, చెడూ జరగదు. నెలనెలా డబ్బు మాత్రం పోతూ ఉంటుంది, పోతున్నదని తెలిపే గుర్తేదీ ఉండదు. ఆ గుర్తును వెతకగలిగిన చోటు సెర్చ్ కన్సోల్.

నా మిత్రుడి సైటు విషయంలో ఇది స్పష్టంగా చూశాను. నగరంలోని ఒక ఏజెన్సీ అతనికి ప్రతి నెలా అందమైన నివేదిక పంపేది. అందులో కొత్త లింకుల సంఖ్య, దాని పక్కనే పెరుగుతూ పోతున్న డొమైన్ అథారిటీ అంకె ఉండేవి. "ఇన్ని లింకులు వచ్చాయి కదా, మరి బుకింగులు ఎందుకు పెరగడం లేదో నువ్వే చూసి చెప్పరా" అని అతను అడిగాడు. డొమైన్ అథారిటీ అన్నది సైటు బలాన్ని అంచనా వేయడానికి మోజ్ అనే ప్రైవేటు సంస్థ తయారుచేసుకున్న కొలత. ఫలితాల వరుసను నిర్ణయించడానికి గూగుల్ దాన్ని వాడదు. సెర్చ్ కన్సోల్‌లో లింక్స్ నివేదిక తెరిస్తే, బయటి సైట్ల జాబితాలో అరకుతో గానీ ప్రయాణాలతో గానీ ఏ సంబంధమూ లేని సైట్లు వరుసగా కనిపించాయి: ఆన్‌లైన్ జూదం, బరువు తగ్గించే మాత్రలు, ఏ భాషో గుర్తుపట్టలేని డైరెక్టరీలు. పక్కనే, ఏ మాటలపై లింకు పెట్టారో చూపే లింకింగ్ టెక్స్ట్ జాబితాలో ఒకే ఇంగ్లీషు పదబంధం, "చవక అరకు ప్యాకేజీ" అన్న అర్థంలో, అక్షరం మారకుండా అగ్రస్థానంలో ఉంది. వేర్వేరు మనుషులు తమంతట తాముగా లింకు ఇస్తే అందరూ ఒకే మాట రాయరు. ఒకరు ఊరి పేరు రాస్తారు, ఒకరు సంస్థ పేరు, ఒకరు ఒట్టి చిరునామా. ఆ తరువాత పెర్ఫార్మెన్స్ నివేదికకు వెళ్లి, లింకులు వేయడం మొదలుపెట్టకముందు నెలలతో ఆ తరువాతి నెలలను పోల్చి చూశాం. సంస్థ పేరుతో వెతికినవారి క్లిక్కులను పక్కన పెడితే, గ్రాఫులో మిగిలిన క్లిక్కుల గీత ఎక్కడిదక్కడే ఉంది.

ఇలా పోల్చడం ఈ సాధనంతో చేయగలిగిన అత్యుత్తమమైన పని. పెర్ఫార్మెన్స్ నివేదిక 16 నెలల సమాచారాన్ని దాచి ఉంచుతుంది. ఏ మాటలతో వెతికినప్పుడు సైటు కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్న నాలుగు విషయాలనూ పేజీల వారీగా, దేశాల వారీగా, మొబైలు, కంప్యూటరు వారీగా విడదీసి చూపిస్తుంది. లింకు పని చేసిందని ఎవరైనా అంటే, అది ఏ పేజీకి వచ్చింది, ఆ పేజీ కనిపించే ప్రశ్నలు పెరిగాయా అని ఇక్కడ అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేని నివేదికకు డబ్బు ఇవ్వనవసరం లేదని నా ఉద్దేశం. అయితే ఒక జాగ్రత్త అవసరం. అరకు వైపు వెళ్లే జనం చలికాలంలో ఎక్కువ కాబట్టి డిసెంబరును మే నెలతో పోల్చకూడదు. డిసెంబరును కిందటి డిసెంబరుతోనే పోల్చాలి. 16 నెలల నిల్వ ఉన్నందువల్లనే ఇది సాధ్యమవుతుంది.

బొమ్మల దుకాణం సైటు దగ్గర ఈ ప్రశ్నల జాబితా మరో విధంగా ఉపయోగపడింది. ఏటికొప్పాక అన్న ఒక్క పేరునే జనం తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల గుణింతాలతోనూ వెతుకుతారు. ఒకరు రెండు పకారాలు రాస్తే మరొకరు ఒక్కటే రాస్తారు. కొందరు ఊరి పేరు వదిలేసి వైజాగ్ చెక్క బొమ్మలు అని వెతుకుతారు. ఇవన్నీ విడివిడిగా చూస్తే దేనికీ లెక్కలోకి వచ్చేంత సంఖ్య ఉండదు. ఒకే సూత్రంతో అనేక మాటలను కలిపి వెతకనిచ్చే రెగెక్స్ ఫిల్టరును 2021లో చేర్చారు; అందులో ఆ రూపాలన్నింటినీ మధ్యలో నిలువు గీతతో (|) విడదీస్తూ ఒకే వరుసలో రాస్తే, అన్నీ కలిపి ఒకే గీతగా కనిపిస్తాయి. అప్పుడు తెలిసింది, సంక్రాంతికి, దసరాకు ముందు వారాల్లో బొమ్మల కొలువు గురించిన ప్రశ్నలకు మా సైటు వెనక పేజీల్లో ఎక్కడో కనిపిస్తూ, ఎవరూ నొక్కకుండా మిగిలిపోతోందని. కొలువు ఎన్ని మెట్లుగా కట్టాలి, ఏ మెట్టుపై ఏ బొమ్మలు పెడతారు, అంకుడు కర్రతో చేసి సహజమైన రంగులు కలిపిన లక్క పూసిన బొమ్మలను ఏడాది పొడవునా ఎలా భద్రపరచుకోవాలి అన్న విషయాలతో, కళాకారులనే అడిగి తెలుసుకుని ఒక పేజీ రాయించాం. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమ సైట్లలో ఆ పేజీకి లింకు ఇచ్చాయి. ఒక డిజైన్ విద్యార్థిని తన ప్రాజెక్టు పేజీలో దాన్ని ప్రస్తావించింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి వాటి గురించి రాసేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి లింకు ఇవ్వదగిన పేజీ మన దగ్గర ఉండాలి.

బయటి లింకుల కోసం పరుగెత్తేవారు తమ సైటు లోపలి లింకులను పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. లింక్స్ నివేదికలోనే ఇంటర్నల్ లింక్స్ అన్న భాగం ఉంది. చాలా చిన్న సైట్లలో అక్కడ అగ్రస్థానం సంప్రదించవలసిన చిరునామా పేజీది, ఆ తరువాతిది నియమ నిబంధనల పేజీది. అమ్మకాలు తెచ్చే పేజీ జాబితాలో అట్టడుగున ఉంటుంది. ప్రతి సంబంధిత వ్యాసంలోనూ ఆ పేజీకి అర్థవంతమైన మాటలతో లింకు ఇవ్వడం యజమాని చేతిలోని పని. "ఇక్కడ నొక్కండి" అని రాయడం కంటే "ఏటికొప్పాక బొమ్మల కొలువు సెట్లు" అని రాస్తే చదివేవారికీ, గూగుల్‌కూ ఆ పేజీ దేని గురించో తెలుస్తుంది.

పోగొట్టుకున్న లింకులను తిరిగి తెచ్చుకోవడం కూడా ఇలాంటిదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినప్పుడు, మిత్రుడి సైటులో విశాఖ జిల్లా అని ఉన్న పేజీల చిరునామాలన్నీ మార్చేశారు, పాత చిరునామాల నుంచి కొత్తవాటికి దారి మాత్రం చూపలేదు. పాత ప్రయాణ కథనాల్లో ఏళ్ల తరబడి నిలిచి ఉన్న నిజాయితీ గల లింకులన్నీ 404 దగ్గర, అంటే "పేజీ దొరకలేదు" అన్న సందేశం దగ్గర, ఆగిపోయాయి. ఏ పేజీలను గూగుల్ తన జాబితాలో చేర్చుకుంది, వేటిని చేర్చుకోలేదు అని చూపే పేజీల ఇండెక్సింగ్ నివేదికలో ఆ చిరునామాలు దొరికాయి; వాటిలో కొన్నింటిని, ఒక్కో చిరునామాను విడిగా చూపే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పరిశీలిస్తే ఏ పేజీ నుంచి గూగుల్ అక్కడికి వచ్చిందో కూడా కనిపించింది. ప్రతి పాత చిరునామా నుంచీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 అనే శాశ్వత మళ్లింపు పెట్టాం. కొత్త లింకుల కోసం ఒక్క ఉత్తరం కూడా రాయకముందు చేయవలసిన పని ఇది.

భయపెట్టి అమ్మే సేవ గురించి కూడా చెప్పాలి. మీ సైటుకు విషపూరితమైన లింకులున్నాయి, వెంటనే తొలగించకపోతే గూగుల్ నుంచి మాయమైపోతారు అని కొందరు ఫోను చేస్తారు. ముందు సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ పేజీ తెరవండి. గూగుల్ సిబ్బంది స్వయంగా చర్య తీసుకుని ఉంటే ఆ సంగతి అక్కడ రాసి ఉంటుంది, సరిదిద్దుకున్నాక పునఃపరిశీలన కోరే మార్గమూ అక్కడే ఉంటుంది. సమస్యలేవీ లేవని అక్కడ ఉంటే ఆ ఫోనును నమ్మి కంగారుపడవలసిన పని లేదు. ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే, 2012 అక్టోబరులో వచ్చిన డిసవౌ సాధనాన్ని చాలా సైట్లు వాడవలసిన అవసరమే రాదని గూగుల్ స్వయంగా చెబుతోంది. తెలియకుండా వాడితే మంచి లింకులను కూడా మన చేతులతోనే వదులుకున్నట్టవుతుంది.

లోపాలు లేవని అనను. లింక్స్ నివేదిక గూగుల్‌కు తెలిసిన లింకులన్నింటినీ చూపదు, నమూనానే ఇస్తుంది. ఏ లింకుకు నోఫాలో గుర్తు (దీన్ని సిఫారసుగా లెక్కించవద్దని చెప్పేది) ఉందో, 2019లో ప్రవేశపెట్టిన స్పాన్సర్డ్ గుర్తు (డబ్బు తీసుకుని ఇచ్చిన లింకని చెప్పేది) దేనికి ఉందో చెప్పే వరుస అందులో లేదు. ఒక్కొక్క పేజీ తెరిచి చూసుకోవలసిందే. పోటీదారుల లింకులు అసలే కనిపించవు. పెర్ఫార్మెన్స్ పట్టికలో 1000 వరుసలకు మించి చూపరు, అతి కొద్దిమంది వెతికిన ప్రశ్నలను గోప్యత పేరుతో దాచేస్తారు. విశాఖ వ్యాపారికి అన్నింటికంటే ఇబ్బంది కలిగించేది మరొకటి: దేశం వారీగా విడదీసి చూడవచ్చు గానీ ఊరి వారీగా చూడలేం. గాజువాకలో వెతికినవారికీ హైదరాబాదులో వెతికినవారికీ మన సైటు కనిపించే స్థానం ఒకటే కాకపోవచ్చు, ఇక్కడ మాత్రం రెండూ ఒకే సగటులో కలిసిపోతాయి. స్థానిక ఖాతాదారులే ఆధారమైన హోటలు, క్లినిక్కు వంటివాటికి గూగుల్ మ్యాప్స్‌లోనూ శోధనలోనూ వ్యాపారం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ లెక్కలను కూడా పక్కన పెట్టుకుని చూడక తప్పదు.

ఇన్ని లోపాలున్నా, వెతికే యంత్రం తన దగ్గరి లెక్కను తానే చూపించే చోటు కాబట్టి, బయటి సంస్థల అంచనాల కంటే దీన్నే ముందు నమ్ముతాను. ఏజెన్సీని పెట్టుకోవద్దని కూడా అనను. సైటును సరిదిద్ది మంచి పేజీలు రాయించగలిగే వారు ఈ నగరంలో ఉన్నారు. అటువంటి పని ఫలించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని, మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో రాసింది. పనివారిని ఎంచుకునేటప్పుడు ఈ రెండు మాటలూ ఎదురుగా పెట్టి మాట్లాడండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. సెర్చ్ కన్సోల్ యజమాని ఖాతాలోనే మొదలుకావాలి. డొమైన్ (సైటు పేరు) కొన్న చోట, ఆ పేరు ఏ సర్వరుకు చెందుతుందో చెప్పే డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో, గూగుల్ ఇచ్చిన కోడుతో ఒక టీఎక్స్‌టీ రికార్డు చేరిస్తే, సైటు మనదేనన్న ధ్రువీకరణ పూర్తవుతుంది. ఆ పని చేసిపెట్టే వ్యక్తి పక్కన కూర్చున్నా, లాగిన్ అయ్యేది యజమాని ఈమెయిలుతోనే కావాలి. ఏజెన్సీకి ఓనర్ హోదా అక్కర్లేదు, ఫుల్ యూజర్ అనుమతి ఇస్తే వారి రోజువారీ పనికి సరిపోతుంది. ఒప్పందం ముగిశాక యూజర్స్ అండ్ పర్మిషన్స్ పేజీలో వారి పేరు తీసేయండి. వారు గతంలో తమ ఖాతాతో ధ్రువీకరించుకుని ఉంటే, డీఎన్ఎస్‌లో గానీ సైటు ఫైళ్లలో గానీ మిగిలి ఉన్న వారి టోకెన్‌ను (ధ్రువీకరణ కోడును) కూడా తొలగించండి. అది అక్కడ ఉన్నంత కాలం వారు మళ్లీ ఓనరుగా ధ్రువీకరించుకోగలరు.