బిహేవియర్ థెరపీ ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులకు హెచ్చరిక

నెల్లూరులో ఒక థెరపీ సెంటర్‌వాళ్ళు "ఆరు నెలల్లో మొండితనమంతా పోతుంది, పిల్లాడు మామూలైపోతాడు" అని చెప్పి మా దగ్గర 60,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. ఆటిజం పోతుందని ఎవరు మాటిచ్చినా ఒప్పుకోకండి. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా, జబ్బు కాదు, మందుతోనో ప్యాకేజీతోనో నయం కావడానికి.

ఆటిజం ఉన్న మా బాబుకి ఏడేళ్ళు, మాటలు తక్కువ. చెయ్యి కొరుక్కుంటాడు, ఒక్కోసారి రక్తం వచ్చేదాకా. అందుకే కావలి నుంచి తీసుకెళ్ళేవాళ్ళం. సెషన్ జరిగేటప్పుడు మమ్మల్ని లోపలికి రానివ్వరు. "అమ్మ కనబడితే మారాం చేస్తాడు" అనేవారు. ఒకరోజు ఆయా లోపలి తలుపు తీసి వెళ్ళిపోవడంతో చూశాను. ఫ్యాన్ లేని చిన్న స్టోర్ రూమ్, బయట గడియ, లోపల వాడొక్కడే. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. చేతి మీద పాత మచ్చల పక్కనే కొత్త పంటిగాట్లు. అడిగితే "టైమ్ అవుట్ (మారాం చేస్తే కాసేపు వేరుగా ఉంచడం) అమ్మా, అన్నిచోట్లా ఇంతే" అన్నారు.

అన్నిచోట్లా ఇంతే కాదు. పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ అనే పద్ధతి తెలిసినవాళ్ళు పిల్లాడు ఎందుకలా చేస్తున్నాడో ముందు కనుక్కుంటారు. ఇప్పుడు చూస్తున్న మేడమ్ మొదట పళ్ళు, చెవులు, మలబద్ధకం డాక్టర్‌కి చూపించి రమ్మన్నారు. నొప్పి చెప్పుకోలేని పిల్లలు ఇలా కూడా చేస్తారట. తర్వాత ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయించారు: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. కొన్నాళ్ళు రాసేసరికి మొదటి గడిలో అవే మాటలు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. పొద్దున చట్నీకి మిక్సీ, సాయంత్రం పక్కింటి బోరు మోటారు. ఇప్పుడు మిక్సీ వేసేముందు దాని బొమ్మ ఉన్న కార్డు చూపిస్తాను, వాడే హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. "ఆపు" కార్డు చేతికిస్తే వెంటనే ఆపేస్తాను. కొరుక్కోవడం పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది. అంత డబ్బు తీసుకున్న సెంటర్‌లో ఈ మూడు గళ్ళు ఎవరూ గీయలేదు. ఆ గదిలో నా బిడ్డ ఎంత భయపడ్డాడో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కట్టేముందు గోడ మీది సర్టిఫికెట్లు దగ్గరికెళ్ళి చదవండి. మేం కట్టిన సెంటర్‌లో ఉన్నది రెండు రోజుల వర్క్‌షాప్‌ది. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరైనా సరే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సీఆర్ఆర్ (రిజిస్ట్రేషన్) నంబర్ అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 నాటి ఆ కౌన్సిల్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు పడొచ్చు. సెషన్ చూడనివ్వం అన్నా, రాతపూర్వకంగా ప్లాన్ ఇవ్వం అన్నా అక్కడినుంచి లేచి వచ్చేయండి. నెల్లూరులోనే దివ్యాంగులకు థెరపీ, శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ ఉంది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. ప్రైవేటుకి వెళ్ళేముందు అక్కడొకసారి చూపించండి.

మీ పిల్లలకి ఇలాగే జరిగితే ఊరుకోకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ క్రూరంగా, అమానుషంగా చూడటం నుంచి రక్షణ ఇస్తుంది. 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కి (తహసీల్దార్, ఆర్డీఓ లాంటివారికి) ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బు సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు ఉండదు, మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

మాకు "నాన్ రిఫండబుల్" అని చెప్పి పంపేశారు. ఇచ్చిన రసీదు స్టాంపు కూడా లేని తెల్ల స్లిప్పు, దాని మీద "అడ్మిషన్ ఫీజు" అని మాత్రమే ఉంది. ఫోన్‌పే రికార్డు, వాట్సాప్‌లో వాళ్ళు ఆరు నెలల్లో బాగుచేస్తామన్న మెసేజ్ దగ్గరున్నాయి కాబట్టి ఫిర్యాదు వేస్తున్నాం. ఇలాంటిచోట డబ్బు కట్టినవాళ్ళెవరూ ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. పిల్లల ఒంటి మీద దెబ్బలుంటే తేదీ కనబడేలా ఈరోజే ఫోటో తీసిపెట్టుకోండి.