రెస్క్యూ లాంచ్ ప్లాస్టిక్ కిట్: పడవకి ఫుల్ మార్కులు, స్టిక్కర్లకి సున్నా

ముందే చెప్పేస్తా, ఈ కిట్ కొనొచ్చు. కానీ బాక్సులో ఇచ్చే స్టిక్కర్లని నమ్ముకుని మాత్రం కొనకండి.

ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ రెస్క్యూ పడవ, 63 అడుగుల హై స్పీడ్ లాంచ్. ముక్కలు అతికించి బొమ్మ పడవ చేసుకునే ఈ కిట్ అసలు పడవలో 72వ వంతు సైజు, అంటే పూర్తయ్యాక జానెడు మీద ఇంకొంచెం, దాదాపు 27 సెంటీమీటర్లు. తిరుపతిలో ఇలాంటివి నాకు ఎక్కడా కనిపించలేదు, పాత స్టాకు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన దగ్గర తెప్పించుకున్నా, పోస్టేజీతో కలిపి మూడు వేలు దాటింది. ఇంట్లో మాత్రం రెండు వేలే అని చెప్పాను లెండి.

ఎయిర్‌ఫోర్స్‌కి పడవలేంటి అని అందరూ అడిగారు. 1918లో ఆ ఎయిర్‌ఫోర్స్ పుట్టిన ఏడాదే దాని పడవల విభాగమూ మొదలైంది, ఎందుకంటే అప్పట్లో నీళ్ళ మీద దిగే విమానాలు ఉండేవి, వాటి దగ్గరికి మనుషుల్నీ సరుకునీ చేర్చాలంటే పడవ కావాల్సిందే. ఇంగ్లండ్‌లో ప్లిమత్ దగ్గర మౌంట్ బాటన్ అని అలాంటి ఒక బేస్ ఉండేది. 1931 ఫిబ్రవరిలో అక్కడి నీళ్ళలో ఐరిస్ ఫ్లయింగ్ బోట్ అనే, నీళ్ళ మీద దిగే విమానం ఒకటి కూలిపోతే కళ్ళారా చూసినవాళ్ళలో షా అనే పేరుతో మామూలు ఎయిర్‌మన్‌గా పనిచేస్తున్న లారెన్స్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని పేరు తెచ్చుకున్న అరేబియా లారెన్స్ అంటారే, ఆయనే. నెమ్మదిగా నడిచే పాత పడవలతో లాభం లేదని పట్టుబట్టి, హబర్ట్ స్కాట్-పెయిన్ నడిపిన బ్రిటిష్ పవర్ బోట్ కంపెనీలో తయారవుతున్న కొత్త పడవల ట్రయల్స్ మీద పనిచేశారు. 1935లో బైక్ ప్రమాదంలో పోయారు, మొదటి 64 అడుగుల హై స్పీడ్ లాంచ్ వచ్చింది ఆ మరుసటి ఏడాది. ఇంత కథ ఉన్నదానికి బాక్సు లోపలి కాగితంలో నాలుగు ముక్కలు కూడా రాయలేదు, అది నాకు నచ్చలేదు.

కిట్ సొగసంతా పడవ అడుగు భాగంలో ఉంది. ముందువైపు నీళ్ళని కోసేలా సన్నగా మొదలై వెనక్కి వచ్చేకొద్దీ చదునైపోతుంది, పక్క గోడ అడుగుతో కలిసే చోట గుండ్రంగా తిరగకుండా మడత పెట్టినట్టు ఒక అంచు వస్తుంది. స్పీడు అందుకున్నాక పడవ పైకి లేచి నీటి మీద జారుతూ పోవడానికే ఆ ఆకారం. అసలు పడవ కొయ్యది. విమానాల నేపియర్ లయన్ ఇంజిన్‌నే పడవకి తగ్గట్టు మార్చి, ఒక్కోటి 500 హార్స్‌పవర్ చొప్పున మూడు బిగించారు, 36 నాట్ల దాకా పోయేదట, మన లెక్కలో గంటకు 65 కిలోమీటర్ల పైమాటే. కిట్‌లోనూ మూడు ప్రొపెల్లర్ షాఫ్టులు ఇచ్చారు కానీ బ్లేడుతో గీకితేగానీ కన్నాల్లో దూరవు. పాత అచ్చు కదా, ముక్కల అంచుల్లో ఎక్కువైన ప్లాస్టిక్ కూడా బాగానే ఉంది, సాండ్‌పేపర్ దగ్గర పెట్టుకోండి.

మా మేనల్లుడు రెండు గన్ టరెట్లు, అంటే తిరిగే తుపాకీ గూళ్ళు చూసి "మామా, ఇది యుద్ధం పడవా, కాపాడే పడవా?" అన్నాడు. వాడికి రెస్క్యూ బోట్ అంటే 2021 నవంబరు వరదల్లో టీవీలో చూసిన రబ్బరు పడవే. తుపాకులు ఉన్నది ఆత్మరక్షణకి, అసలు పని వెనక చూడు అని చూపించా. వెనక డెక్కు నీళ్ళకి దగ్గరగా, ఖాళీగా ఉంటుంది, తడిసి చేతులు కొంకర్లు పోయినవాణ్ణి లాగి పడుకోబెట్టాలంటే అలాగే ఉండాలి. అలాంటివాళ్ళకోసం పక్కన వేలాడే వల, లోపల స్ట్రెచర్లున్న గది. 1940లో ఇంగ్లిష్ ఛానెల్ సముద్రంలో పారాచూట్‌తో క్షేమంగా దిగి కూడా చలికి, నీళ్ళకి పోయిన పైలట్లు చాలామంది, 1941 మొదట్లోగానీ ఈ పనికి ప్రత్యేకంగా ఒక డైరెక్టరేట్ పెట్టలేదు. ఆ వల మాత్రం కిట్‌లో సరిగా రాలేదు, నేను తీసేసి మెడికల్ షాపులో దొరికే గాజుగుడ్డ నలుపు చేసి అతికించా, చాలా బాగా కుదిరింది.

ఇక తిట్లు. టరెట్ల గాజు ముక్కలు గీతలు పడి వచ్చాయి. నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు పసుపెక్కిపోయి, తీయబోతే పొడిపొడి అయ్యాయి, అమ్మినాయనకి మెసేజ్ పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి ఎయిర్‌ఫోర్స్ గుర్తు గుండ్రాలన్నీ బ్రష్‌తోనే వేసుకున్నా. రంగులు బాక్సులో ఉండవు, గాంధీ రోడ్డులో దొరికిన మామూలు అక్రిలిక్ నలుపు, పసుపు, బూడిద సరిపోయాయి. మన ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చుంటే రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది, పొద్దున్నే వేసుకోండి. స్టాండు కూడా నాసిరకం, మాధవమాల కొయ్యపని చేసే ఒకాయన చిన్న పీట చేసిచ్చారు, ప్లాస్టిక్ స్టాండు కన్నా వెయ్యి రెట్లు నయం.

ఈ పడవల విభాగాన్ని 1986లో మూసేశారు, హెలికాప్టర్లు వచ్చాక పని తగ్గిపోయింది. అందుకే విమానాల కిట్లు దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు, కనిపిస్తే బేరమాడి తీసుకోండి, స్టిక్కర్ల ఫోటో ముందు అడగండి. చిన్నపిల్లలకి గిఫ్టుగా మాత్రం వద్దు, పైనున్న సన్నటి మాస్టు స్తంభం మొదటి రోజే విరుగుతుంది.