హోవ్‌లో వరసిల్లు: ముందు రాతి మేడ, వెనక గులకరాళ్ల గోడ

అమ్మ కాకినాడ నుంచి వచ్చి నెలైంది. "ఇక్కడి సముద్రం చూపించవే" అంటే లండన్ విక్టోరియాలో రైలెక్కించాను. గంటలో బ్రైటన్. ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి మళ్లీ తొడుక్కుంది. బీచ్ ముచ్చట అంతటితో సరి.

నా ధ్యాసంతా పక్కనున్న హోవ్‌లోని బ్రన్స్‌విక్ స్క్వేర్ మీదే. 1820లలో చార్లెస్ బస్బీ అనే ఆర్కిటెక్టు గీసిన వరసిళ్లు, మూడు వైపులా ఇళ్లు, నాలుగో వైపు సముద్రం. ఇక్కడ టెర్రస్ హౌస్ అంటే డాబా అనుకునేరు, గోడకు గోడ ఆనించి కట్టిన ఇల్లు. "మన అగ్రహారంలోలాగా ఉమ్మడి గోడలన్నమాట" అని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

దూరం నుంచి రాతి మేడల్లా ఉంటాయి. దగ్గరికెళ్లి గోడ మీద వేలితో రాసి చూస్తే తెలుస్తుంది, గచ్చు పూసి, రాళ్లు పేర్చినట్టు గీతలు గీశారంతే. అన్నిటికీ ఒకటే మీగడ రంగు. ఐదేళ్లకోసారి వేయించాల్సిందేనట, ఉప్పుగాలి మరి. వెనక సందులోకి వెళ్తే బండారం బయటపడుతుంది. బంగరూష్ అని ఇక్కడి వాళ్ల కట్టుబడి ఒకటుంది: చెకుముకి రాళ్లు, విరిగిన ఇటుకలు, గులకరాళ్లు, ఏది దొరికితే అది సున్నంలో కలిపి చెక్కల మధ్య పోసేయడమే. నీళ్ల పైపు గట్టిగా పెడితే సగం బ్రైటన్ కరిగిపోతుందని ఊళ్లో జోకు.

13వ నంబరు ఇల్లు 'రీజెన్సీ టౌన్ హౌస్'. చాలాకాలం గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఈ ఇంటిని 1980ల నుంచీ బాగుచేస్తూనే ఉన్నారు. టూర్లు రోజూ ఉండవు, ముందే చూసి బుక్ చేసుకోండి. మొదటి అంతస్తులో అతిథులతో కబుర్లాడే హాలు, అక్కడే కప్పు ఎత్తు, కిటికీలు పొడవు. పైకెళ్లేకొద్దీ కిటికీలు కురచవుతాయి, పనివాళ్లకి అటకలాంటి గదులు. వంటిల్లు నేలమాళిగలో. 10వ నంబరు ఇంటి నేలమాళిగ కూడా ఈ టౌన్ హౌస్ వాళ్లదే. పనివాళ్ల బతుకు తెలియాలంటే అదే చూడాలి. అమ్మ మెట్ల దగ్గర ఆగి, "వేడివేడి పులుసు గిన్నె పట్టుకుని ఇన్ని మెట్లెక్కాలా!" అంది.

రాత్రి బస అలాంటి పాతింట్లోనే, ఒక గెస్ట్‌హౌస్‌లో. ఫొటోల్లో సముద్రం నిండుగా కనిపించింది. ఇచ్చింది మాత్రం నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ తలుపు ఉబ్బి పూర్తిగా పడలేదు. రాత్రంతా ఈదురుగాలి, కోటు కప్పుకుని పడుకున్నాం. సామాను మోసిన కుర్రాడు మంచివాడు, అంతవరకే మార్కులు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఏ అంతస్తో ఫోన్‌లో అడిగాకే డబ్బు కట్టండి.

మర్నాడు రాయల్ పెవిలియన్‌కి వెళ్లాం. జాన్ నాష్ అనే ఆర్కిటెక్టు 1815 నుంచి 1822 వరకు మార్చి కట్టిన నాలుగో జార్జి రాజుగారి విలాస భవనం, బయట మన గుమ్మటాలు, లోపల చైనా డ్రాగన్లు. టికెట్టు ఖరీదే గానీ విందు గదిలో వేలాడే దీపం చూశాక గొణగలేదు. అమ్మకి నచ్చింది మాత్రం అక్కడి పెద్ద వంటిల్లు. "ఇది నేల మీదే కట్టారే, నయం" అంది.