కార్ల కంపెనీ మునుగుతుంటే: పూచీ, వాటా, వదిలేయడం. ఏది మేలు?

కార్ల కంపెనీ దివాలా అంచుకు వచ్చినప్పుడు ప్రభుత్వం దాని అప్పుకు పూచీ పడొచ్చు, డబ్బు పెట్టి వాటా తీసుకోవచ్చు, లేదా మీ చావు మీరు చావండని వదిలేయొచ్చు. మూడూ జరిగినవే.

పూచీకి ఉదాహరణ అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్. దాని అధిపతి లీ అయకోకా 1979లో వాషింగ్టన్ చుట్టూ తిరిగితే, 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ 150 కోట్ల డాలర్ల దాకా పూచీ ఇచ్చే చట్టంపై సంతకం చేశారు. బదులుగా కార్మికులు జీతాల్లో, బ్యాంకులు తమ బాకీల్లో కొంత వదులుకోవాలన్నది షరతు. గడువుకు ఏడేళ్ల ముందే, 1983లో అప్పు తీరిపోయింది. పైగా పూచీకి బదులు తీసుకున్న వారంట్ల (కంపెనీ షేర్లను ముందే అనుకున్న ధరకు కొనే హక్కు) మీద ప్రభుత్వానికి 30 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. డబ్బు లెక్కలో ఇదే అన్నింటికన్నా మంచి బేరం. కాకపోతే పూచీ పనికిరావాలంటే అప్పిచ్చేవాడంటూ ఒకడుండాలి. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులే ప్రభుత్వం ముందు చేయి చాచాయి.

అందుకే ఆ డిసెంబరులో బుష్ ప్రభుత్వం జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్‌లకు నేరుగా 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. తర్వాత ఒబామా హయాంలో షరతులు బిగిశాయి. జీఎం అధిపతి రిక్ వాగనర్‌ను తప్పించారు. 2009 జూన్ 1న కంపెనీ దివాలా కోర్టుకెక్కి జులై 10న కొత్త రూపంలో బయటికొచ్చింది, అందులో 60 శాతానికి పైగా వాటా ప్రభుత్వానిదే. జీఎం కార్ల బ్రాండ్లు పాంటియాక్, శాటర్న్, హమ్మర్ మూతపడ్డాయి. 2013 చివర్లో ప్రభుత్వం వాటా మొత్తం అమ్మేసింది. జీఎంలో పెట్టిన దాదాపు 5,000 కోట్ల డాలర్లలో సుమారు 1,100 కోట్లు తిరిగి రాలేదు.

అంత నష్టపోయినా ఇదే సరైన పని అని నేనంటాను. ఫోర్డ్ ఏం చేసిందో చూడండి. 2006లోనే నీలం రంగు లోగోతో సహా ఆస్తులు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది కాబట్టి, దానికి ఈ సాయం అవసరం పడలేదు. అయినా దాని అధిపతి అలాన్ ములాలీ కాంగ్రెస్ ముందుకు వెళ్లి, పోటీ కంపెనీలను కాపాడమన్నారు. ఎందుకంటే విడిభాగాలు చేసే కంపెనీలు చాలావరకు అందరికీ ఒకటే. జీఎం బిల్లులు కట్టకపోతే వాళ్లు మూసుకుంటారు, వాళ్లు మూసుకుంటే ఫోర్డ్ లైనూ ఆగుతుంది. ఒక్క పార్టు రాకపోయినా కారు తయారు కాదు.

ఇక వదిలేయడం ఎలా ఉంటుందో బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ నగరంలోని లాంగ్‌బ్రిడ్జ్ చూసింది. రోవర్ కార్ల ఫ్యాక్టరీ అక్కడే. 2000లో బీఎండబ్ల్యూ రోవర్‌ను పది పౌండ్లకు అమ్మేసింది. కొన్న నలుగురూ, వాళ్ల ముఖ్య కార్యనిర్వాహకుడూ కలిసి జీతాలు, పెన్షన్ల రూపంలో సుమారు 4.2 కోట్ల పౌండ్లు తీసుకున్నారని తర్వాత విచారణలో తేలింది. చైనా కంపెనీతో ఒప్పందం చెడిపోయాక, 2005 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక వారం జీతాలకు 65 లక్షల పౌండ్లు అప్పిచ్చి ఆగిపోయింది. వేలమంది రోడ్డున పడ్డారు. చాలామందికి తర్వాత పని దొరికింది కానీ పాత జీతం దొరకలేదు. బ్రిటన్ భయం అర్థం కానిది కాదు. 1975లో బ్రిటిష్ లేలాండ్‌ను జాతీయం చేసి ఏళ్ల తరబడి డబ్బు పోసినా కంపెనీ నిలదొక్కుకోలేదు, ఈ రోవర్ దాని శేషమే.

కాబట్టి నా ఓటు ఇలా: బ్యాంకులు అప్పిచ్చే స్థితిలో ఉంటే పూచీ, లేకపోతే వాటా. రెండింటిలోనూ యాజమాన్యం మారాలి, ప్రభుత్వం బయటపడే దారి ముందే తెలియాలి.

అయితే 2009లో జీఎం విషయంలో జరిగినవాటిలో రెండింటిని మాత్రం నేను ఒప్పుకోలేను. కొత్తగా చేరేవాళ్లకు పాతవాళ్ల గంట జీతంలో దాదాపు సగమే ఇచ్చే పద్ధతి 2007లోనే మొదలైంది. అలాంటివాళ్లు ఇంతమందికి మించకూడదన్న పరిమితిని 2009లో ఎత్తేశారు. దాంతో ఒకే లైన్లో, ఒకే పని చేస్తూ, గంటకు ఒకరికి 28 డాలర్లు, పక్కవాడికి 14 వచ్చాయి. రెండోది, ఒకప్పుడు జీఎం విభాగంగా ఉన్న విడిభాగాల కంపెనీ డెల్ఫీలో యూనియన్ కార్మికుల పెన్షన్ లోటును జీఎం పూడ్చింది, యూనియన్ లేని ఉద్యోగులకు మాత్రం కోత పడింది. కంపెనీని నిలబెట్టిన ప్రభుత్వం చేతిలో అప్పుడు సింహభాగం వాటా ఉంది, కావాలంటే ఈ రెండూ ఆపగలిగేది.