ఆర్పీజీలో పొడుగు పేర్లు: వీఎస్ కోడ్‌కి మారాక నా అనుభవం

ఆర్పీజీ అంటే ఐబీఎం ఐ సిస్టమ్‌ల మీద వాడే ప్రోగ్రామింగ్ భాష. అందులో డీ-స్పెక్, అంటే వేరియబుల్స్‌ని డిక్లేర్ చేసే పాత కాలమ్ పద్ధతి లైన్, రాసినవాళ్లకి ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. పేరుకి ఉన్న చోటు 7వ కాలమ్ నుంచి 21 దాకా, అంటే 15 అక్షరాలే. అంతకన్నా పొడుగైతే చివర మూడు చుక్కలు పెట్టి, టైపూ సైజూ కింది లైన్‌లో రాయాలి. పేరు 4096 అక్షరాల దాకా ఉండొచ్చని రూల్ ఉన్నా, ఆ చుక్కల గొడవ ఎందుకులే అని చాలామంది అచ్చులన్నీ పీకేసి అర్థం కాని పొట్టి పేర్లు పెట్టేశారు, ఇప్పుడు వాటిని చదవాల్సింది మనం.

ఏడాదిగా వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కోడ్ ఫర్ ఐబీఎం ఐ అనే ఎక్స్‌టెన్షన్, దానితోపాటు ఆర్పీజీఎల్ఈ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. రెండూ ఉచితం. నాకు బాగా నచ్చింది లింటర్, అంటే కోడ్ మనం పెట్టుకున్న పద్ధతిలో ఉందో లేదో చూసే టూల్. ఆర్పీజీకి స్మాల్, క్యాపిటల్ లెటర్స్ తేడా లేదు కాబట్టి ఒకే వేరియబుల్‌ని ఒకచోట అన్నీ క్యాపిటల్స్‌లో, ఇంకోచోట అన్నీ స్మాల్ లెటర్స్‌లో రాసినా కంపైల్ అయిపోతుంది, కానీ ముప్పై అక్షరాల పేరు అలా రూపం మారుస్తుంటే కన్ను పట్టుకోలేదు. డిక్లరేషన్‌లో ఎలా ఉందో మిగతాచోట్లా అలాగే ఉండాలని లింటర్ సెట్టింగ్స్ ఫైల్‌లో రూల్ పెడితే, తేడా ఉన్న ప్రతిచోటా గీత గీసి చూపిస్తుంది, అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. ఇండెంట్ ఎంత ఉండాలో కూడా అదే ఫైల్‌లో రాసి గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచే టూల్) పెడితే టీమ్ అందరికీ ఒకటే పద్ధతి.

టైపులన్నీ ఒకే కాలమ్‌లోకి వచ్చేలా స్పేస్‌లు కొట్టడం మాత్రం మానేయండి. చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ రేపు ఒక్క పొడుగు పేరు చేరితే పక్కనున్న ఇరవై లైన్లూ జరపాలి, రివ్యూ చేసేవాళ్లకి ఏది నిజంగా మారిందో తెలియదు. పేరు, ఒక స్పేస్, టైపు, అంతే. ప్రొటోటైప్‌లో (ప్రొసీజర్‌ని ఎలా పిలవాలో చెప్పే డిక్లరేషన్) పారామీటర్‌కి ఒక లైన్.

ఒక పరిమితి ఉంది. లింటర్ పనిచేసేది మొదటి లైన్‌లో స్టార్ స్టార్ ఫ్రీ (**FREE) ఉన్న సోర్స్ మీదే, అంటే కాలమ్‌ల కట్టుబాటు లేని ఫ్రీ ఫార్మాట్ కోడ్ మీదే. పాత కాలమ్ కోడ్‌లో షిఫ్ట్ ఎఫ్4 నొక్కితే కాలమ్ ఎడిటర్ వస్తుంది, చిన్న మార్పులకి అది చాలు. నేనైతే ముట్టుకున్న ప్రోగ్రామ్‌లో ముందు డిక్లరేషన్లు ఫ్రీలోకి మార్చి, కంపైల్ చేసి, ఆ తర్వాతే పేర్ల జోలికి వెళ్తాను, రెండూ ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి దాచే మార్పుల కట్ట) కలపను.